తట్టని పైపు

నగరసభ అధ్యక్ష పదవిని పదకొండో నెలలోనే ఎందుకు వదిలేశారని అడిగేవాళ్ళకు ఇంతవరకు నేను ఒకే జవాబు చెప్పలేదు. ఒకరికి షుగరన్నాను. ఒకరికి పార్టీలో పొసగలేదన్నాను. మా ఆవిడకైతే ఆ పని మీద విసుగొచ్చిందని చెప్పాను. ఆమె నా మొహం ఒకసారి చూసి, బియ్యం ఏరుకోవడానికి వెళ్ళిపోయింది. ముప్పై మూడేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, ఎదుటివాడి అబద్ధాన్ని వాసనతో పట్టేస్తాడని పేరు తెచ్చుకున్నవాణ్ణి. సొంత అబద్ధాలు ఇంత నాసిరకంగా వస్తాయని అనుకోలేదు.

అసలు జవాబు ఇక్కడ రాస్తున్నాను. చదివి తిట్టుకునేవాళ్ళు తిట్టుకోవచ్చు. నేనూ తిట్టుకున్నాకే కలం పట్టాను.

మా తాత పుంగనూరు పక్కన ఒక మెట్టపల్లె నుంచి, వానలు లేని ఏడాది, కోలారు బంగారు గనులకు కూలికి వచ్చాడు. మా నాయన అక్కడే పుట్టి అక్కడే గనిలోకి దిగాడు. నాకు బుద్ధి తెలిసేసరికి గనులు సర్కారువైపోయాయి. దొరలు పోయారు గాని బంగళాలు పోలేదు. వాటిలోకి మన దొరలు వచ్చారు. మేముండే కూలీ లైన్లు ఎప్పటిలాగే ఉన్నాయి. వరసగా గదులు, గదికీ గదికీ మధ్య మట్టి మెత్తిన వెదురు తడిక, పైన రేకు. పక్కింట్లో తిరగమోత వేస్తే మా ఇంట్లో తుమ్మేవాళ్ళం.

షిఫ్టు దిగినవాళ్ళను ఇంటికి పంపే ముందు జడ్తీ గదిలో వెతికేవాళ్ళు. బంగారు రాయి దాచుకుపోతారని అనుమానం. గోచీ విప్పించేవాళ్ళు, నోరు తెరిపించేవాళ్ళు, జుట్టు దులిపించేవాళ్ళు. సర్కారు వచ్చినా ఆ గది పోలేదు. ఒకరోజు మా నాయనకు అన్నం కేరియర్ తీసుకెళ్ళి, ఓరగా ఉన్న తలుపు సందులోంచి ఆయన్ను చూశాను. చేతులు పైకెత్తి, ఒంటి మీద నూలుపోగు లేకుండా, తన కొడుకు వయసున్న కావలివాడి ముందు నిలబడ్డ చోటే నిదానంగా చుట్టూ తిరుగుతున్నాడు. నేను కేరియర్ అక్కడే గట్టు మీద పెట్టేసి వచ్చేశాను. వెతికించుకునేవాళ్ళ పక్కన కాకుండా వెతికేవాళ్ళ పక్కన బతకాలని ఆ పూటే తీర్మానించుకున్నాను. పోలీసునయ్యాక చాలామంది అడిగారు, ప్రజాసేవ చేద్దామనే వచ్చారా అని. అవునన్నాను.

ఇప్పుడు పైపు సంగతి చెప్పాలి. గనిలో పైనుంచి అడుగుదాకా ఒక ఇనుప పైపు దిగి ఉండేది. రాయి తొలిచే మిషన్లకు గాలి దాంట్లోంచే పోయేది కాబట్టి గాలి పైపు అనేవాళ్ళు. లోపల బండలు కూలి దారి మూసుకుపోతే చిక్కుకున్నవాళ్ళకు అదే దిక్కు. సుత్తితోనో రాయితోనో దాని మీద మూడు దెబ్బలు కొట్టేవాళ్ళు. ఎవరన్నా ఉన్నారా అని అడగడమది. విన్నవాడు తిరిగి మూడు కొట్టాలి, ఉన్నానని. ఏ రూలు పుస్తకంలోనూ రాసినట్టు లేదు గాని, తప్పినవాణ్ణి నేను చూడలేదు. పైన కొట్లాడుకుని మాటలు మానేసినవాళ్ళు కూడా కింద తట్టుకు తట్టు ఇచ్చేవాళ్ళు. దొంగతనంగా రాయి కొట్టుకునేవాడు మేస్త్రీ కేకేస్తే దాక్కుంటాడు. పైపు మోగితే మాత్రం బదులు చెబుతాడు.

"మాట అబద్ధం ఆడతాది రా, ఇనుము ఆడదు. తట్టినోడికి తట్టల్ల. అంతే," అనేవాడు మా నాయన.

మా పక్క గదిలో ఒకతను ఉండేవాడు. నాకన్నా మూడేళ్ళు పెద్ద. పదిహేడేళ్ళకే మా నాయనకు జోడీగా గనిలోకి దిగాడు. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. అతను దిగిన మొదటి ఏడాదే వాళ్ళిద్దరూ పనిచేసే చోట బండ కూలింది. ఒక పగలు, ఒక రాత్రి, మళ్ళీ మధ్యాహ్నం దాకా పైన మా అమ్మా నేనూ గనిలోకి దిగే బావి, షాఫ్ట్ అంటారు, దాని దగ్గర కూర్చున్నాం. బయట గాలి పైపు దగ్గర ఉన్న ముసలి మేస్త్రీ మమ్మల్ని పిలిచి, చెవి ఆనించి వినమన్నాడు. చల్లటి ఇనుము. చాలాసేపు ఏమీ లేదు. తరువాత ఎక్కడో పాతాళంలోంచి మూడు దెబ్బలు. మా అమ్మ అక్కడే నేల మీద పడి ఏడ్చింది. ఆ దెబ్బలు కొట్టింది మా నాయన కాదు. ఆయన కుడిచెయ్యి బండ కింద నలిగింది. ఊపిరాడని చోట అంతసేపూ రాయి పట్టుకుని పైపు మీద కొట్టి, మా నాయనను నాకు మిగిల్చింది ఆ పక్కింటి అన్న.

అంటే, పైపు తట్టడమంటే ఏమిటో నాకు తెలియదని చెప్పుకునే వీలు లేదు.

తరువాత అన్న ముళబాగిలు దగ్గర బైరకూరు నుంచి పెళ్ళి చేసుకొచ్చాడు. ఆమెను వదినా అనేవాణ్ణి, ఆమె నన్ను అప్పా అనేది. నేను డిగ్రీ చదువుతుండగా మా నాయన ఊపిరితిత్తులు రాతిదుమ్ముతో నిండిపోయి మంచాన పడ్డాడు. గొంతు పెగిలేది కాదు. ఏదన్నా కావాలంటే చెంచాతో ఇనుప మంచం కోడు మీద మూడుసార్లు కొట్టేవాడు. మా అమ్మ వంట దగ్గరుంటే గరిటెతో మూడుసార్లు కొట్టి, వస్తున్నానని చెప్పేది. అమ్మ నీళ్ళకు పోతే తడిక అవతలినుంచి వదిన చెంబుతో కొట్టేది. ఆ చప్పుడు మా లైనులో అందరికీ అలవాటైపోయింది.

సబ్‌ఇన్‌స్పెక్టరుగా ఎంపికైన కొత్తలో నాతో ట్రైనింగు చేసిన ఇద్దరు మిత్రులు ఇంటికొచ్చారు. ఒకతని తండ్రి తహసీల్దారు. తెర వెనక మంచం మీద మా నాయన చెంచాతో కొట్టాడు. ఆ చప్పుడేమిటని మిత్రుడు అడిగాడు. పక్కింట్లో వడ్రంగం పని జరుగుతోందన్నాను. మా నాయన మళ్ళీ కొట్టలేదు. ఆ పూటే కాదు, ఆ తరువాత కూడా నేను ఇంట్లో ఉన్నంతసేపు ఎప్పుడూ కొట్టలేదు. దాహమైనా అట్లాగే పడుకునేవాడు. ఆయన పోయిన రోజు నేను ముళబాగిలు స్టేషన్లో ఒక మామిడితోట తగాదా రాజీ చేస్తున్నాను. కబురు తెచ్చింది అన్నే. సైకిలు దిగి, నా యూనిఫాం చూసి, నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు.

ఉద్యోగంలో నేను బాగా పైకొచ్చాను. దొంగసాక్షిని మూడు ప్రశ్నల్లో పట్టేవాణ్ణి. లాఠీకన్నా నాలుక ఎక్కువ వాడేవాణ్ణి. నరసాపురం ఫ్యాక్టరీ గేటు ముందు గొడవైతే నేను పోయి నిలబడితే సర్దుకునేది. క్యాసంబళ్ళి సంతలో పశువుల దొంగలు నా పేరు చెబితే దారి మార్చేవాళ్ళు. ఇవన్నీ నిజాలే. మీ సొంతూరేదని అడిగితే మాత్రం "చిత్తూరు జిల్లా" అనేవాణ్ణి. అది కూడా నిజమే, మా తాత లెక్కలో. కూలీ లైను అనే రెండు మాటలు నా నోట ముప్పై ఏళ్ళు రాలేదు.

చివరికి మా గనుల ఊరికే పోలీసు పెద్దగా వచ్చాను. అప్పటికి గనులు మూసేసి కొన్నేళ్ళయింది. గని షిఫ్టు సైరన్ ఆగిపోయాక ఊరికి పొద్దు తెలియడం మానేసింది. వయసులో ఉన్నవాళ్ళు తెల్లారే రైలెక్కి బెంగళూరుకు సెక్యూరిటీ పనులకు, హోటలు పనులకు పోయేవాళ్ళు. మోకాళ్ళు పట్టేసినవాళ్ళు, దగ్గు పట్టినవాళ్ళు మిగిలారు. వాళ్ళలో కొందరు మూసిన గనుల్లోకి పాత దారుల్లో దిగి, రాగి తీగలో, కాస్త మెరిసే రాళ్ళో తెచ్చుకునేవాళ్ళు. లోపల విషగాలి, నీళ్ళు, కుళ్ళిన కొయ్యలు. ఒక ఏడాదిలో రెండుసార్లు శవాలు తీయించాను. దారులన్నీ కాంక్రీటుతో మూసేయమని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. ఆజ్ఞ మంచిదే. ఇప్పటికీ ఆ మాటే అంటాను.

మా లైన్ల వెనక షాఫ్ట్ పక్కన ఏటవాలుగా దిగే దారి ఒకటి ఉంది. దాన్ని మూసే రోజు పొద్దున పదింటికి నేనే వెళ్ళాను. కాంక్రీటు బండ్లు వచ్చాయి. కోలారు నుంచి పెద్ద అధికారులు, పేపరువాళ్ళు, ఫొటోలు తీసేవాళ్ళు వచ్చారు. లైన్లలోంచి జనం వచ్చి తాడు అవతల నిలబడ్డారు. మైకులో కన్నడంలో, తమిళంలో, తెలుగులో చెప్పించాను, లోపల ఎవరన్నా ఉంటే బయటికి రండి, కేసు పెట్టం అని. పావుగంట చెప్పించాను. జవాబు లేదు. ఎందుకుంటుంది? కేసు పెట్టమని పోలీసు చెబితే నమ్మేంత వెర్రివాడు మా లైన్లలో పుట్టలేదు.

ఆ దారి పక్కనే, నా మోకాలి ఎత్తున, తుప్పు పట్టి ఆ గాలి పైపు మొదలు నిలబడి ఉంది. నేను దాన్ని చూశాను. తాడు అవతలినుంచి ఒక ముసలాయన గొంతు వినిపించింది.

"సార్, ఒక తూరి పైపు తట్టి చూడండి సార్. మైకు కూతకి యావుడూ రాడు."

నేను విన్నాను. తరువాత రాసిన రిపోర్టులో ఆ మాట లేదు గాని, విన్నాను. తట్టాలంటే మోకాళ్ళ మీద కూర్చోవాలి. టోపీ తీసి, తుప్పు ఇనుముకు చెవి ఆనించాలి. ఫొటోలవాళ్ళు ఇటే చూస్తున్నారు. కోలారు నుంచి వచ్చిన అధికారి వాచీ చూసుకుంటున్నాడు. ఈ విద్య మీకెట్లా తెలుసని అడుగుతాడు. నేను లైను కూలీ కొడుకునని చెప్పాలి. ఇంతకన్నా పెద్ద కారణం ఏదన్నా ఉందేమోనని ఇన్నేళ్ళూ వెతికాను. లేదు. సిగ్గు, అంతే.

"మైకులో చెప్పింది చాలు, పోయండి," అన్నాను.

మధ్యాహ్నం టీ వేళకు పని అయిపోయింది. ఎవరూ పగలగొట్టకుండా అక్కడ ఒక కానిస్టేబులును కాపలా పెట్టాను. అతను ధారవాడ వైపువాడు, మా ఊరికి కొత్త. మరునాడు పొద్దున నా దగ్గరికొచ్చి, ఆ ఇనుప పైపులో ఏదో శబ్దం వస్తోంది సార్, ఆగి ఆగి టక్కుటక్కుమంటోంది అన్నాడు. ఇనుము ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, చప్పుడు రాక ఏమొస్తుంది అన్నాను. అతను సరే సార్ అని సెల్యూట్ కొట్టి పోయాడు. ఎన్నెన్ని దెబ్బలుగా వస్తోందని నేను అడగలేదు. అతనికది వట్టి చప్పుడు. నాకు అది మాట.

మూడో రోజు వదిన స్టేషనుకొచ్చింది. బెంచీ మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"మీ అన్న ఇంటికి రాలేదు సార్," అంది. నేను పెద్దనై వచ్చాక ఆమె నన్ను సార్ అనడం మొదలుపెట్టింది. నేను వద్దనలేదు.

"యాడికి పోయినాడు?"

"ఈ పొద్దు మూస్తారంట, సుత్తీ ఉలీ లోపలే ఉండాయి, తెచ్చుకుంటానని మూసిన దినం తెల్లార్తోనే పోయినాడు. మీ నాయన సుత్తి సార్ అది. మీ అమ్మ ఇచ్చింది. మైకు విని ముందే బయటికొచ్చి, పోలీసుకు బయపడి యాడన్నా దాక్కోనింటాడని రెండు దినాలు చూసినాను."

"వెనక్కి రాలేదని నీకెట్ల తెలుసు? బెంగళూరు రైలెక్కినాడేమో. అందరూ పోతాండారు కదా."

"మోకాలు మడతపడని మనిషి బెంగళూరుకు పోయి ఏం చేస్తాడు సార్?"

నాకు ఆ క్షణంలో అంతా తెలిసిపోయింది. అప్పుడైనా బండి పిలిపించి ఆ కాంక్రీటు పగలగొట్టించి ఉంటే, బతికి ఉన్న మనిషి దొరికేవాడేమో. నేను పోలీసు లెక్క వేశాను. తవ్వితే బతికి దొరికాడా, తనిఖీ సరిగా చేయలేదని నా మీద మచ్చ. చచ్చి దొరికాడా, నా మీద కేసు. తవ్వకపోతే ఏమీ లేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు నేను కాగితం తీసి, మనిషి కనబడుటలేదు అని ఫిర్యాదు రాసుకున్నాను. బెంగళూరుకూ చెన్నైకీ ఫొటో పంపించాను. మూసేముందు పూర్తిగా తనిఖీ చేయడమైనది, లోపల ఎవరూ లేరు అని ఒక రిపోర్టు రాసి సంతకం పెట్టాను. నా అక్షరం బాగుంటుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం, కాపలావాణ్ణి భోజనానికి పంపి, ఒక్కణ్ణే అక్కడికి వెళ్ళాను. పైపు దగ్గర నిలబడ్డాను. చప్పుడు లేదు. పక్కనే గులకరాళ్ళున్నాయి. ఒంగి ఒకటి తీసుకుంటే సరిపోయేది. తట్టలేదు. తడితే బదులొస్తుందేమోనని నాకు భయం వేసింది. పది నిమిషాలుండి జీపెక్కాను.

ఆ తరువాత నాలుగేళ్ళు ఉద్యోగం చేసి, పూలదండలతో రిటైరయ్యాను. ఇంటికి పార్టీవాళ్ళు వచ్చారు. నగరసభ ఎన్నికల్లో మా లైన్ల వార్డుకు నిలబడమన్నారు. మీరు కూలీ కొడుకంట కదా సార్, ఇన్నాళ్ళూ చెప్పనేలేదే, అదే మనకు బలం అన్నారు. ఎవరు చెప్పారో తెలియదు. ముప్పై ఏళ్ళు దాచుకున్న పుట్టుకను మూడు వారాల్లో ఊరంతా పంచాను. గోడల మీద నా బొమ్మ కింద 'గని కార్మికుడి బిడ్డ' అని రాయించారు. వీధి సభల్లో నాకొక రైలు పట్టా ముక్క, చిన్న సుత్తి ఇచ్చేవాళ్ళు. నేను దాని మీద మూడు దెబ్బలు కొట్టి, "ఉన్నారా?" అని అడిగేవాణ్ణి. జనం మూడుసార్లు చప్పట్లు కొట్టి "ఉన్నాం" అనేవాళ్ళు. ముసలి కార్మికులు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. మొదటి రోజు సుత్తి ఎత్తడానికి సిగ్గేసింది. రెండో రోజు వేయలేదు. మనిషి దేనికైనా అలవాటు పడతాడు, నాలాంటివాడు ఇంకాస్త తొందరగా.

ఇంటింటికీ తిరుగుతూ వదిన ఇంటిముందుకొచ్చాను. రేకు తలుపు వేసి ఉంది. వెనక మంది, డప్పులు. దాటిపోదామంటే నలుగురూ చూస్తున్నారు. అలవాటైన చెయ్యి కదా, ఉంగరం వేలితో తలుపు మీద మూడుసార్లు కొట్టాను. లోపల కాసేపు ఏమీ లేదు. తరువాత దేంతోనో, చెంబుతో అయి ఉంటుంది, మూడు దెబ్బలు వినిపించాయి. తలుపు తెరుచుకోలేదు. నా వెనకున్నవాళ్ళు నవ్వి, ఈ ఓటు మనదే సార్ అన్నారు. నేనూ నవ్వాను. ఆ వీధి దాటేదాకా నవ్వు మొహం మీదినుంచి తీయలేకపోయాను.

గెలిచాను. అధ్యక్షుణ్ణి చేశారు. మా పార్టీలో మిగతావాళ్ళందరూ ఒకరినొకరు నమ్మరు కాబట్టి, ఎవరికీ కాని నన్ను కూర్చోబెట్టారు. నీళ్ళ ట్యాంకర్లు, చెత్త బండ్లు, వీధి దీపాలు. పనులు బాగానే చేశాను. లైన్లలో పాడైపోయిన మరుగుదొడ్లు కట్టించాను. ఎంత చేసినా ఆ వీధిలోకి కారు తిప్పమని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

పదకొండో నెలలో ఒక సోమవారం పొద్దున వదిన నా ఆఫీసు గదిలోకి వచ్చింది. చేతిలో నగరసభ ఫారం ఉంది, చావు నమోదు చేసేది. ఈసారి కూర్చోమనకుండానే కూర్చుంది. నుదుట బొట్టు ఉంది. చిన్నది, ఉందా లేదా అన్నట్టు.

"బైరకూరులో మా వోళ్ళు పేరంటానికి పిలస్తారు, పోతే ముత్తైదువుల్లో కూర్చోబెట్టాల్నా, పక్కన కూర్చోబెట్టాల్నా అని గుసగుసలాడతారు," అంది. "ఇన్నేండ్లు ఊరుకున్నాను. ఇంగ నాకు చాతగాదు. దినం పెట్టల్ల, పిండం పెట్టల్ల. అయ్యగారు తిథి అడగతాడు. మీ గుమస్తా కూడా అదే అడిగినాడు. శవం లేనప్పుడు తెలిసినోళ్ళు ఎవరన్నా సంతకం చెయ్యల్లంట, ఇంగ కోర్టుకు పోవల్లంట."

ఫారం నా ముందుకు జరిపింది. మూడు ఖాళీలు. చనిపోయిన తేదీ. చనిపోయిన స్థలం. సమాచారం ఇచ్చినవారి పేరు.

"కనబడకుండా పోయిన తేదీ రాస్తే సరిపోతుంది, వదినా," అన్నాను. ఎన్నో ఏళ్ళకు ఆ పిలుపు నా నోట వచ్చింది.

"ఆ దినం ఆయన చావలేదు. ఆ కాపలా పోలీసాయన బదిలీ అయి పోతా పోతా మా ఇంటికొచ్చి చెప్పినాడు. మర్నాడు కూడా పైపు మోగినాదంట. మూడు మూడుగా మోగినాదంట. ఆయనకు అర్థం కాలేదు, నాకు చెప్తానే అర్థమయ్యింది. నీకూ చెప్పినాడంట కదా."

నేను ఫారం అంచులు సరిచేశాను.

"నాలుగో దినం నువ్వొక్కడివే పోయినావంట. అందుకే నీ దగ్గిరికొచ్చినాను. ఆ దినం మోగతా ఉండెనా లేదా? ఉంటే ఒక తిథి, లేకుంటే ఒక తిథి. నీకు తప్ప లోకంలో ఇంకెవురికీ తెల్దు."

"చప్పుడు లేదు," అన్నాను.

"తట్టినావా?"

ముప్పై మూడేళ్ళు నేను ఇతరులను అడిగిన ప్రశ్నలన్నిటిలోనూ ఇంత చిన్న ప్రశ్న లేదు.

"లేదు," అన్నాను.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే నేను ఎదురు మాట్లాడేవాణ్ణేమో, రూల్సు చెప్పేవాణ్ణేమో, ఎవరికి తెలుసు. లేచి, "పదప్పా," అంది. సార్ అనలేదు.

డ్రైవరును వద్దన్నాను. ఇద్దరం నడిచి వెళ్ళాం. బంగారం తీసేశాక మిగిలిన రాతిపొడి పోసిన సైనైడ్ దిబ్బ మీదినుంచి తెల్లదుమ్ము లేచి మా మీద పడుతోంది. ఆమె ముందు, నేను వెనక. దారిలో నమస్కారం పెట్టినవాళ్ళకు నేను తిరిగి పెట్టానో లేదో గుర్తులేదు. కాంక్రీటు మీద పగుళ్ళలో గడ్డి మొలిచింది. పైపు అట్లాగే ఉంది. చుట్టూ ఊడ్చి ఉంది, పక్కన ఆరిన పసుపు మరకలున్నాయి. ఇన్నేళ్ళూ ఆమె అక్కడికి వస్తూనే ఉందని అప్పుడు తెలిసింది.

ఆమె ఒక రాయి ఏరి నా చేతిలో పెట్టింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని, చెవి ఆనించి, మూడుసార్లు తట్టాను. చల్లటి ఇనుము. లోపలికి చాలా దూరం పోయింది ఆ చప్పుడు. తిరిగి ఏమీ రాలేదు. ఏమొస్తుంది? అన్నా, అన్నాను పైపులోకి. తరువాత ఏడ్చాను. ఆమె ఏడవలేదు. ఫారం మడత విప్పి నా ముందు బండ మీద పరిచింది. స్థలం దగ్గర ఈ దారి పేరు రాశాను. సమాచారం ఇచ్చినవారి దగ్గర నా పేరు, మా నాయన పేరు, మేముండిన లైను నంబరు రాశాను. ఈ కాగితం ఒక పూటలో ఎక్కడెక్కడికి పోతుందో, నా మీద ఏమేం రాస్తారో నాకు తెలుసు. ఆ పని నేను చాలామందికి చేసినవాణ్ణే. ఆ సాయంత్రమే రాజీనామా ఇచ్చాను, మరునాడు పోలీసుల దగ్గరికి పోయి వాంగ్మూలం ఇచ్చాను. కేసు నడుస్తోంది.

ఆ బండ మీద, ఫారంలో తేదీ దగ్గర మాత్రం కలం ఆగిపోయింది. ఏం రాయమంటావని ఆమె వైపు చూశాను.

"మూసిన దినమే రాయి," అంది. "ఆమీట ఇన్ని దినాలు లోపల బతికినాడని రాస్తే నేను చదవలేను."

రాసి, కాగితం ఆమెకిచ్చి, మోకాళ్ళు నొప్పిగా ఉంటే పైపు పట్టుకుని లేవబోయాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"అప్పుడే లేస్తావేంది. కూర్చోప్పా. తట్టినాక కొంచేపు కూర్చోవల్ల. ఆయనా లోపల ఇట్లే కూర్చోనింటాడు, పైన మనోడే ఉండాడు, తడతాడులే అని."

కూర్చున్నాను.